ఎవరూ లైటు కొట్టని సాయంత్రం

జూన్ 3

ఒరేయ్ బావమరిదీ,

ఇక్కడ నేను, మీ అక్క, వంటింటి కిటికీ మీద కాపురం పెట్టిన పిచ్చుకలు అందరం కులాసా. కారుకే కాస్త నలతగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు నా మాట మొదట్లోనే నరికేస్తావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా వింటావు.

మా నాటకాల హాలు మూసేసిన సంగతి నీకు తెలిసిందే. నలభై ఏళ్ళు ఆ హాలు అటక మీద లైట్ల దగ్గర కూర్చుని, ఎవరి మొహం ఎప్పుడు వెలగాలో, ఎవరు చీకట్లో ఉండాలో నిర్ణయించినవాణ్ణి. తాళం వేసిన రోజున నా సామాను నేను తెచ్చేసుకున్నాను. ఇప్పుడు నాకున్న ఉద్యోగమల్లా ఒక్కటే. సాయంత్రం వంతెన అవతల స్కూల్లో మీ అక్క చెప్పే కుట్టు క్లాసు అయ్యాక ఆవిడను కారులో ఇంటికి తీసుకురావడం. చూడబోతే ఆ ఉద్యోగమూ ఊడింది. కొన్నాళ్ళుగా మీ అక్క నా కారు ఎక్కడం లేదు. "మీరెందుకు శ్రమపడతారు, బస్సులో గాలి బాగుంటుంది" అంటుంది. బస్సులో గాలేమిట్రా, మనుషులే తప్ప!

నేను బాగా ఆలోచించాను. ఆవిడకు చీకటంటే భయం పట్టుకుంది. నిజం చెప్పాలంటే మా కారు లైట్లు అలాగే ఏడుస్తున్నాయి. కారు ముందున్న గుంట కనబడదు, చెట్ల చిటారు కొమ్మలు మాత్రం బ్రహ్మాండంగా కనబడతాయి. అందుకని బజారుకెళ్ళి తెల్లగా వెలిగే కొత్త ఎల్‌ఈడీ బల్బులు తెచ్చి, పాతవి పీకేసి నా చేత్తోనే బిగించాను. ఏం వెలుగురా! సందు మొదట్లో ఉన్న కుక్క లేచి వేరే సందులోకి వెళ్ళిపోయింది.

ఇంకో సంతోషం. దారిలో ఎదురొచ్చే బళ్ళవాళ్ళు నన్ను చూసి లైట్లు ఆర్పి వెలిగించి పలకరిస్తున్నారు. కొన్నాళ్ళుగా ఉన్నదే ఇది, కొత్త బల్బులు పెట్టాక ఇంకా ఎక్కువైంది. పాత ప్రేక్షకులు, మరిచిపోలేదు. నేనూ తిరిగి రెండుసార్లు వెలిగిస్తాను. మర్యాద మర్యాదే కదా.

నువ్వు బళ్ళు తనిఖీ చేసే ఆఫీసులోనే కదా ఉన్నావు, వీటికన్నా పెద్ద బల్బులు ఎక్కడ దొరుకుతాయో రాయి. మీ అక్కను మళ్ళీ నా పక్క సీట్లో కూర్చోబెట్టేదాకా నాకు నిద్ర పట్టదు.

ఇట్లు,
వెలుగులు చిమ్ముతూ
మీ బావ


జూన్ 10

బావా,

నీ ఉత్తరం గోతిలో నిలబడి చదివాను. కంగారు పడకు. మా షెడ్డులో బళ్ళ కింది భాగాలు చూడ్డానికి ఒక గొయ్యి ఉంటుంది, నా జీవితం అందులోనే. పైనున్న వ్యాను నుంచి నూనె చుక్క ఒకటి సరిగ్గా నువ్వు "మర్యాద మర్యాదే" అన్నచోట పడింది. ఆ చుక్కకు ఉన్న తెలివి కూడా నీకు లేకపోయింది.

వాళ్ళు నిన్ను పలకరించడం లేదు బావా. తిడుతున్నారు. నీ లైటు కళ్ళలో పడి దారి కనబడక, దించరా బాబూ అని మొత్తుకుంటున్నారు. దానికి నువ్వు తిరిగి రెండుసార్లు కొడుతున్నావా! ఇన్నాళ్ళూ ఎవరూ బండి ఆపి నీ చొక్కా పట్టుకోకపోవడం మన అదృష్టం.

పాత బల్బులో వెలుగు ఒక సన్నటి తీగ దగ్గర పుడుతుంది. వెనకున్న అద్దపు గిన్నెను ఆ తీగ ఎక్కడుంటుందో చూసుకునే తయారు చేశారు. నువ్వు పెట్టినదాంట్లో వెలుగు వేరేచోట పుడుతుంది. గిన్నె ఏం చేస్తుంది పాపం, చేతికొచ్చినట్టు నలువైపులా చల్లేస్తుంది. నీకేమో బోలెడు వెలుగున్నట్టు అనిపిస్తుంది, దూరంగా రోడ్డు మీద పడేది మాత్రం తక్కువే. పైగా అది చట్టం ఒప్పుకోదు. మా దగ్గరకొస్తే నీ కారును గుమ్మం లోంచే తిప్పి పంపుతాం. వెంటనే పాత బల్బులు పెట్టెయ్. లైట్ల పైన కప్పు మసకబారిందేమో చూడు. కారును చదునైన నేల మీద గోడకు ఎదురుగా నిలబెట్టి వెలుగు ఏ ఎత్తులో పడుతోందో చూడు. అది దీపం ఎత్తుకన్నా కాస్త కిందే ఉండాలి.

పనిలో పనిగా నీ కళ్ళు కూడా ఒకసారి చూపించుకో. అక్క ఏమంటోంది? బస్సులో గాలి సంగతి తప్ప తను అన్నమాట ఇంకొక్కటీ రాయలేదు, మిగతాదంతా నీ ఊహే.

మీ చెల్లెమ్మ నీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి కుక్కరు మాడబెట్టింది. ఆ ఖాతా కూడా నీదే.

ప్రేమతో, కాస్త భయంతో కూడా,
నీ బావమరిది


జూన్ 19

గౌరవనీయులైన ఇన్‌స్పెక్టరు గారికి,

తాతకు దగ్గులు నేర్పినట్టు నాకు వెలుతురు గురించి పాఠం చెప్పినందుకు కృతజ్ఞతలు. చిన్నప్పుడు సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పానే, అప్పుడే ఎక్కడో దించేసి రావలసింది.

కళ్ళు చూపించుకోమన్నావు. చూపించుకున్నాను. డాక్టరుగారు గోడ మీద అక్షరాలు చదవమంటే అన్నీ చదివి, అట్ట అడుగున చీమంత అక్షరాలతో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, "మీకెందుకొచ్చింది అనుమానం?" అన్నారు. "నాకు కాదండీ, మా బావమరిదికి" అన్నాను. అక్కా తమ్ముడూ కలిసి నా చేత కారు అమ్మించాలని చూస్తున్నారని నాకు అర్థమైంది. ఆవిడ బస్సెక్కుతుంది, నువ్వు కళ్ళు చూపించుకో అంటావు. పిల్లికి ఎలుక సాక్ష్యం.

అయినా పెద్దమనసు చేసుకుని పాత బల్బులే పెట్టాను. లైట్ల మీది కప్పు తోమి మసక వదిలించాను. గోడ పరీక్ష కూడా చేశాను. దీపానికన్నా కిందకి అన్నావే, అది మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. కిందకి వేస్తే ఏం వెలుగుతుంది, కాళ్ళా? నేను నలభై ఏళ్ళలో ఎవరి కాళ్ళకీ లైటు వెయ్యలేదు. పెరటి గోడకు దుప్పటి కట్టి, మనిషి మొహం ఎంత ఎత్తులో ఉంటుందో చూసుకుని, రెండు లైట్లూ సరిగ్గా అక్కడ కలిసేలా మరలు తిప్పాను. రోడ్డు మీద వచ్చేవాడెవడో మొహం తెలియాలా వద్దా?

అద్భుతంగా కుదిరింది. రోడ్డు మీద ఒక్కొక్క మొహం పక్కింటివాళ్ళ పెళ్ళి ఫోటోలా వెలిగిపోతోంది. కూడలి దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు నన్ను చూడగానే చెయ్యెత్తి నుదుటి దగ్గర పెట్టాడు. సెల్యూట్! నేనూ చేశాను. అతను పెట్టిన చెయ్యి తియ్యకుండానే దగ్గరకొచ్చి ఆపమన్నాడు. చెయ్యి ఎందుకు తియ్యలేదో అప్పుడు తెలిసింది. కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

ఓ కాగితం చేతిలో పెట్టాడు. జూలై నెలాఖరులోగా లైట్లు సరిచేయించి తనిఖీ కేంద్రంలో చూపించాలట. లేకపోతే కారు రోడ్డెక్కకూడదట. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. కారే లేకపోతే మీ అక్కను ఇంక ఎందులో ఎక్కించుకోను?

నువ్వే వచ్చి నీ చేత్తో పాసు చేసెయ్యి. నీ ఆఫీసేగా.

ఇట్లు,
కళ్ళున్న మీ బావ


జూన్ 26

బావా,

నీ ఉత్తరం మా పెద్దసారుకు చదివి వినిపించాను. తప్పే, కానీ ఇంత సంతోషం నేనొక్కణ్ణే పెట్టుకోలేకపోయాను. సెల్యూట్ దగ్గరకొచ్చేసరికి ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకెళ్ళి భుజాలు కుదిపి కుదిపి నవ్వుకున్నారు.

నిన్ను నేను పాసు చేయలేను. సొంతవాళ్ళ బళ్ళు మేం ముట్టుకోకూడదు. ముట్టుకునే వీలున్నా నిన్ను మాత్రం ఫెయిలే చేస్తాను. మా అక్క ఆ కారులో కూర్చోవాలి మరి.

తీగలు, గిన్నెలు అని చెబితే నీకు ఎక్కలేదు. నీ భాషలో చెబుతాను, విను. నలభై ఏళ్ళలో ఒక్కసారైనా నువ్వు ప్రేక్షకుల కళ్ళలోకి లైటు కొట్టావా? మొదటి వరసలో ఎవరైనా కళ్ళు చిట్లించుకుంటే అర్ధరాత్రిదాకా నిచ్చెన దిగకుండా సరిచేసేవాడివని అక్క ఎన్నిసార్లు చెప్పిందో. రోడ్డు మీద ఎదురొచ్చేవాడు నీ నటుడు కాదు బావా, నీ ప్రేక్షకుడు. నటుడు రోడ్డు. గుంట, గట్టు, గట్టు పక్కన నడిచే మనిషి కాళ్ళు, ఇవి వెలగాలి. ఎదుటివాడి మొహం చీకట్లోనే ఉండాలి. దగ్గరి లైటుకు, అదే డిమ్ములో వేసినప్పుడు, పైన కత్తితో కోసినట్టు ఒక గీత ఉంటుంది. ఆ గీత ఎదుటి బండివైపు కిందుగా, గట్టువైపు కాస్త పైకి లేచి ఉంటుంది. ఆ గీత పైన వెలుగు లేకపోవడమే అందులో ఉన్న గొప్పతనం.

మంచి వెలుగు కావాలన్న నీ కోరికలో తప్పులేదు. బల్బు మార్చి కాదు. మీ కారు మోడలుకే తయారైన, ఆమోదం గుర్తు అద్దం మీద అచ్చేసి ఉన్న పూర్తి లైటు సెట్టు దొరుకుతుంది. గిన్నె, అద్దం, బల్బు అన్నీ ఒకదానికొకటి కుదిర్చినవి. మంచి గ్యారేజీలో పెట్టించి, చక్రాల్లో గాలి సరిచూసి, అక్కడే ఎత్తు సరిచేయించు. కాగితాలు దాచు.

అక్కనో నేనో కారు అమ్మించాలని చూస్తున్నామన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది. నువ్వు ఆ కారులో కాలి మీద కాలు వేసుకుని తిరగాలనే నా ఆశ. కాలి మీద కాలు అన్నానని బ్రేకు మీంచి తీసెయ్యకు.

ఉంటాను,
నీ బావమరిది


జూలై 12

ఒరేయ్,

నీ ఉత్తరం చదివాను. సిగ్గేసింది. ఎదుటివాడు ప్రేక్షకుడు! అంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదురా? ఆ వెలుగు గీత గురించి చదువుతుంటే నా చేతులు దురద పెట్టాయి. పైన వెలుగు లేకపోవడమే గొప్పతనమన్నావే, అది మా విద్యలో మొదటి పాఠం. మా గురువు వేలి మీద కొట్టి నేర్పిన పాఠం.

వెంటనే గ్యారేజీకి పరిగెత్తాను. దాన్ని నడిపేది ఓ అమ్మాయి. ఇంజను మీద చెవి పెట్టి వింటుంది కాబట్టి అందరూ డాక్టరమ్మ అంటారు. నువ్వు చెప్పినట్టే ఆమోదం గుర్తున్న లైట్ల సెట్టు తెప్పించింది. వెనక వైరింగు కూడా చూడాలని డిక్కీ మొత్తం ఖాళీ చేయించి, చక్రాలకు గాలి కొట్టి, లైట్ల ముందు పెట్టెలాంటి పరికరం నిలబెట్టి ఎత్తు సరిచేసింది. ఆ పెట్టెలో గీత చూశాన్రా! తెర అంచులా ఉంది. నేను ముగ్ధుణ్ణై నిలబడిపోతే, "పెద్దాయనా, కాస్త తప్పుకోండి, వెలుగుకు అడ్డొస్తున్నారు" అంది. ఆ మాట నేను ఎంతమందితో అని ఉంటానో, ఇన్నాళ్ళకు నాతో ఒకరు అన్నారు.

ఇంటికొచ్చాక డిక్కీలో నా సామాను ఎప్పట్లాగే సర్దుకుని, జుట్టు దువ్వుకుని, స్కూలు దగ్గరకెళ్ళాను. మీ అక్కకు లైట్లు చూపించాను. "బాగున్నాయండీ, ఇవాళ ఎక్కుతాను" అంది. నేను పరిగెత్తి తలుపు తీసి పట్టుకున్నాను.

ఎక్కింది. వంతెన కూడా దాటలేదు, ఎదురుగా వచ్చినవాడు లైట్లు కొట్టాడు. వెనకాలే ఇంకొకడు. ఆ తర్వాత బస్సువాడు. నేను స్టీరింగు పట్టుకుని కొయ్యబారిపోయాను. ఇదివరకైతే పలకరింపనుకుని నవ్వేవాణ్ణి, ఇప్పుడు అర్థం తెలిసి చచ్చాను కదా. మీ అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మర్నాడు మళ్ళీ బస్సే.

పొద్దున్నే డాక్టరమ్మ మీద మండిపడ్డాను. "నేను పంపినప్పుడు సరిగ్గానే ఉంది" అంటుంది ఆ అమ్మాయి. ఆడలేక మద్దెల ఓడు. నీ గీత, నీ ఆమోదం గుర్తు, నీ గొయ్యి అన్నీ నువ్వే ఉంచుకో. కానిస్టేబులు ఇచ్చిన గడువు దగ్గరపడింది. కారు అమ్మేస్తున్నాను. ప్రేక్షకుల కళ్ళు పోగొట్టే లైట్‌మ్యాన్ ఎవరికీ వద్దు.

ఇట్లు,
ఆరిపోయిన మీ బావ


జూలై 17

బావా,

కారు అమ్మకు. ఈ ఉత్తరం చేతిలో పట్టుకుని అలాగే నడిచి వెళ్ళి డిక్కీ తెరువు.

"నా సామాను" అన్నావే, అందులో ఏముంది? నాటకాలకు లైట్ల స్టాండ్లు పడిపోకుండా కాళ్ళ మీద పెట్టే ఇనుప దిమ్మలు కదూ? ఇసుక సంచులు కదూ? నాకు తెలుసు. చిన్నప్పుడు నా కాలి బొటనవేలు మీద ఒకటి పడేసుకున్నాను, ఆ గోరు ఇప్పటికీ వంకరే.

వాటి బరువుకి కారు వెనక కూలబడి, ముక్కు ఆకాశంకేసి లేస్తుంది. లైట్లు కూడా దానితోపాటే. డిక్కీ ఖాళీగా ఉన్నప్పుడు డాక్టరమ్మ సరిచేసింది. ఆ అమ్మాయి నిజమే చెప్పింది, వెళ్ళి క్షమించమని అడుగు. నువ్వు ఇంటికొచ్చి దిమ్మలు సర్దావు, అంతే, గీత ఎగిరి బస్సు డ్రైవరు కళ్ళలో పడింది. మొదటి ఉత్తరంలోనే గుంట కనబడదు, చిటారు కొమ్మలు కనబడతాయని రాశావు. నేను అప్పుడే పట్టుకోవలసింది. ఇద్దరం కలిసి చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం.

హాలు ఎప్పుడు మూసేశారు? దిమ్మలు డిక్కీలోకి ఎప్పుడెక్కాయి? అక్క కారు దిగి బస్సెప్పుడెక్కింది? నువ్వే లెక్క చూసుకో.

దించెయ్ బావా. ఏదైనా నాటకం కోసం పిలుపొస్తే మళ్ళీ ఎక్కిద్దువుగాని. నేనే వచ్చి మోస్తాను, రెండో బొటనవేలు పణంగా పెట్టి.

ఆత్రంగా,
నీ బావమరిది


ఆగస్టు 2

ఒరేయ్ బావమరిదీ,

ముందు శుభవార్త. కారు పాసైంది. తనిఖీ చేసినతను నువ్వున్న గొయ్యిలాంటి గొయ్యిలోంచి తల బయటపెట్టి, "లైట్లు చాలా పద్ధతిగా ఉన్నాయండీ" అన్నాడు. నేను వంగి నమస్కారం పెట్టాను. నాటకం అయ్యాక తెర ముందుకొచ్చి పెట్టే నమస్కారం అది. ఎప్పుడూ పైన అటక మీదే ఉండేవాణ్ణి కదా, నాకు ఆ అవకాశం రాలేదు.

నీ ఉత్తరం అందిన రోజున డిక్కీ తెరిచి చాలాసేపు నిలబడ్డాను. బరువని నాకు తెలియక కాదు. ఎవరో ఒకరు వచ్చి, "ఓ నాటకం ఉంది, లైట్లు కావాలి" అంటే, ఇంటికెళ్ళి సామాను తెచ్చుకునే ఆలస్యం కూడా కాకూడదని అలా ఉంచాను. దించేస్తే ఇంక ఎవరూ పిలవరని ఒప్పుకున్నట్టు అనిపించింది. ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కటే దించాను. ఒక్కో దిమ్మ దిగుతుంటే కారు వెనక భాగం నెమ్మదిగా పైకి లేచింది. చూస్తే నవ్వొచ్చింది. నాతోపాటు అదీ నడుం పట్టుకుని ఉంది ఇన్నాళ్ళూ.

డాక్టరమ్మకు క్షమాపణ చెప్పాను. "దిమ్మలా?" అని, డిక్కీ మూత మీద తల ఆనించి నవ్వింది. ఎత్తు మళ్ళీ చూసింది, సరిగ్గానే ఉండడంతో మర ముట్టుకోలేదు.

ఇక అసలు సంగతి. సాయంత్రం స్కూలు దగ్గర నిలబడ్డాను. దిమ్మలు దించేశానంటే మీ అక్క డిక్కీ తెరిచి లోపలికి చూసింది. మూసింది. వచ్చి పక్క సీట్లో కూర్చుంది. నేను లైట్లు వేశాను. గుంట కనబడింది. గుంట పక్కన గడ్డి, గట్టు మీద నడుస్తున్న ఎవరిదో చెప్పు కనబడ్డాయి. చెట్ల కొమ్మలు కనబడలేదు. ఎదురుగా లారీ వచ్చింది, వెళ్ళిపోయింది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఓ స్కూటరు మీద ముందు నిలబడ్డ చిన్నపిల్ల మాకేసి కళ్ళు విప్పార్చుకుని చూస్తూ వెళ్ళింది. ఇల్లు చేరేదాకా ఒక్కడూ లైటు కొట్టలేదు.

అబద్ధమెందుకు, నాకు ఒక్క క్షణం వెలితిగా అనిపించింది. మీ అక్కకు తెలిసిపోయింది. "ఎవరూ పలకరించలేదేమండీ?" అంది. "లైటు సరిగ్గా పడితే లైట్‌మ్యాన్ సంగతి ఎవరికీ గుర్తురాదు" అన్నాను. మా గురువు మాట. "నాకు గుర్తుంది, చాలదా?" అంది.

దిమ్మలు ఏం చేశావంటావేమో. కుట్టు క్లాసులో సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు చాలడం లేదని ఆడవాళ్ళందరూ గోల పెడుతున్నారట. నా స్టాండ్లు, దిమ్మలు అన్నీ అక్కడికి చేర్చాను. వెలుగు గుడ్డ మీద పడాలి, కుట్టేవాళ్ళ కళ్ళలో పడకూడదు. రెండు సాయంత్రాలు పట్టింది. వెలిగించగానే అందరూ చప్పట్లు కొట్టారు. పిలుపు వచ్చిందిరా! నాటకానిది కాదు, అంతే.

నీ వంకర గోటికి నా నమస్కారాలు. మీ అక్క ఏదో రాస్తానంటోంది, కాగితం ఇస్తున్నాను.

ఇట్లు,
సరిగ్గా కిందకి చూస్తూ వెలుగుతున్న
మీ బావ


తమ్ముడూ,

మీ బావ పక్కగదిలో కవరు వెతుకుతున్నారు. ఈలోగా చెప్పాలి.

నాకు చీకటంటే ఎప్పుడూ భయం లేదు. హాలు మూసేశాక ఈయన నవ్వడం మానేశారు. అలాంటిది ఓ సాయంత్రం ఎదుటి బండివాడు లైటు కొడితే, "చూశావా, నన్ను గుర్తుపట్టాడు!" అని చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ మొహం చూశాక, మిమ్మల్ని తిడుతున్నారండీ అని ఏ నోటితో చెప్పను? నలభై ఏళ్ళు లైట్లే లోకమైన మనిషితో మీ లైటు తప్పుగా పడుతోందని ఎలా అనను? పక్కన కూర్చుని మింగలేక కక్కలేక బస్సెక్కాను. బస్సులో గాలి బాగుంటుందన్నది ఉత్తి అబద్ధం.

అలాగని ఎదురొచ్చేవాళ్ళను ఈయనకు వదిలెయ్యలేదు. కూడలిలో కానిస్టేబులు భార్య నా క్లాసులోనే కుట్టు నేర్చుకుంటుంది. మా ఆయన కారు ఓసారి ఆపమని మీ ఆయనతో చెప్పవే అన్నాను. గట్టిగా కసరొద్దు, కాగితం మాత్రం ఇవ్వమన్నాను. ఈయన సెల్యూట్ చేస్తారని నాకేం తెలుసు!

ఈ సంగతి ఈయనకు ఎప్పటికీ తెలియకూడదు. కవరు నేనే అంటించి ఇస్తాను.

ఇప్పుడు రోజూ కారులోనే వస్తున్నాను. బయల్దేరింది మొదలు ఇంటిదాకా గీత, గట్టు, గుంట అని చెబుతూనే ఉంటారు. ఒక్కోసారి బస్సే నయమనిపిస్తుంది.

అయినా ఎక్కనులే.

మీ అక్క